చోడి మొలకల డైరీ: అంబలి ఎందుకు పలచబడింది?

జనవరి 18

పండగ అయిపోయింది, పిల్లలు మళ్లీ ట్యూషన్‌కి వస్తున్నారు. నెల్లిమర్ల దగ్గర మా ఊళ్లో సాయంత్రాలు నా దగ్గర చదువుకునేవాళ్లు అయిదుగురు: పదో తరగతి వాళ్లు ముగ్గురు, ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ వాళ్లు ఇద్దరు. ఇవాళ ఎంజైమ్‌ల పాఠం. "ఎంజైమ్ అంటే జీవ ఉత్ప్రేరకం", అంటే జీవుల్లో రసాయన చర్యల్ని వేగం చేసేది, అని అందరూ గడగడా అప్పజెప్పారు. మరి మన ఇంట్లో ఎక్కడుందో చూపించండి అంటే ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ నిశ్శబ్దం నాకు చాలా బాధనిపించింది, ఎందుకంటే నేనూ బీఎస్సీ మూడేళ్లు అలాగే చదివాను.

సరిగ్గా అప్పుడే అరుగు మీద కూర్చున్న మామ్మ అంది: "ఏటే అమ్మడూ, అంత సదువుకున్నావు గదా, మొలకచోళ్ల పిండితో అంబలి కాస్తే ఎందుకు నిలవదో సెప్పు. ఎంత పిండేసినా నీల్లలాగ జారిపోతాది. మామూలు చోళ్లయితే గరిటె నిలబడిపోతాది."

చోళ్లు అంటే రాగులే, మా వైపు అలాగే అంటాం. ఇక ప్రాజెక్టు కోసం వెతకక్కర్లేకపోయింది. పిల్లల్ని అడిగితే రెండు సమాధానాలు వచ్చాయి. పదో తరగతి అమ్మాయి అంది, మొలకెత్తేటప్పుడే గింజ తనలోని పిండిపదార్థాన్ని తినేస్తుంది కాబట్టి పిండిలో మిగిలేదే తక్కువ అని. ఇంటర్ అబ్బాయి అన్నాడు, అలా కాదక్కా, మొలకల్లో అమైలేజ్ అనే ఎంజైమ్ తయారవుతుంది, అది గిన్నెలోనే పిండిపదార్థాన్ని ముక్కలు చేసేస్తుంది అని. రెండూ నమ్మేలాగే ఉన్నాయి, రెండిటిలో ఏది నిజమైనా అంబలి పలచబడుతుంది. కాబట్టి పలచబడిందని చూపిస్తే సరిపోదు, ఈ రెండు కారణాల్ని ఎలా విడదీయాలన్నదే మా అసలు ప్రశ్న. పుస్తకం మొదటి పేజీలో ఇదే రాయించాను.

జనవరి 21

కిలో చోళ్లు కొని కలిపేసి రెండు సమాన భాగాలు చేశాం. ఒకే బస్తాలోవి కావడం ముఖ్యం, లేకపోతే తేడా మొలక వల్ల వచ్చిందా రకం వల్ల వచ్చిందా అన్నది ఎప్పటికీ తేలదు. మా జిల్లాకి ఈ గింజతో పెద్ద సంబంధమే ఉంది. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన రాగి రకాలకి వీఆర్ అని నంబర్లుంటాయి, చంపావతి, భారతి, శ్రీ చైతన్య అన్నవి ఆ కుటుంబంలోవే. మా ఊరి పక్కన పారే చంపావతి ఏటి పేరే ఒక గింజకి పెట్టారని తెలిసి పిల్లలు సంబరపడిపోయారు. మేం కొన్నది ఏ రకమో మాత్రం కొట్లో వాళ్లకీ తెలియదు.

అర కిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి, తడి గుడ్డలో మూట కట్టి రెండు రోజులు ఉంచాం. చలి రోజులు కావడం వల్ల మొలక కాస్త నెమ్మదిగా వచ్చింది. మిగతా అర కిలో కూడా నానబెట్టి వెంటనే ఆరబెట్టేశాం. పొడి గింజల్ని అలాగే మర పట్టించేస్తే ఒక భాగం తడిసింది, ఇంకోటి తడవలేదు అన్న తేడా వచ్చేస్తుంది కదా. ఈ మాట నేను చెప్పలేదు, ఇంటర్ అమ్మాయి చెప్పింది. ఆ క్షణం చాలా సంతోషమేసింది.

జనవరి 25

మొలకలు నీడలో ఆరబెట్టి, తర్వాత ఎండలో పెట్టాం. వేయించలేదు. మామూలుగా ఇళ్లల్లో కమ్మటి వాసన కోసం మూకుట్లో వేయించి అప్పుడు మరకి పంపుతారు, అలా చేస్తే లోపలున్న ఎంజైమ్ పాడయ్యే ప్రమాదం ఉంది.

తూకం వేస్తే మొలకల భాగం 455 గ్రాములు తేలింది, మొలకెత్తనిది 490. కడిగినప్పుడు పోయింది కొంత, తేమలో తేడా కొంత. ఆ రెండూ తీసేసినా ఇంకా కొంత మిగులుతుంది, అదెక్కడికి పోయింది? పిల్లలు గుడ్డలో వెతికారు, నేల మీద వెతికారు. గాలిలోకి పోయింది అని చెప్పాను. గింజ కణాల్లో చక్కెర ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్, నీరు అయిపోతుంది, కణశ్వసనం అంటే అదే. మొలక ఆ శక్తితోనే వేరు తోసుకుని బయటికొస్తుంది. ఒక గింజ బరువు తగ్గడం అనే చిన్న విషయంలో ఇంత పాఠం ఉంది. దీని మీద విడిగా ఒక ప్రయోగం చేద్దామని రాసుకున్నాం.

జనవరి 27

మొదటి అంబలి పరీక్ష. రెండు గిన్నెల్లో 200 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు మరిగించి, 20 గ్రాముల పిండి కొద్ది చన్నీళ్లలో ఉండకట్టకుండా కలిపి, ఆ మరుగుతున్న నీళ్లలో పోసి అయిదు నిమిషాలు కలియబెట్టాం. చిక్కదనం కొలవడానికి ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి కోసి, అద్దం మీద నిలబెట్టి, అద్దం కింద గ్రాఫ్ కాగితం పెట్టాం. పైపు నిండా అంబలి పోసి పైపు ఎత్తేస్తే అది ఎంత దూరం పాకిందో ఒక నిమిషం తర్వాత చూస్తాం. అంబలి చల్లారేకొద్దీ గట్టిపడుతుంది కాబట్టి ప్రతిసారీ 45 డిగ్రీల దగ్గరే పోయాలని నియమం పెట్టుకున్నాం.

మామూలు పిండి 9 సెంటీమీటర్లు పాకింది. మొలక పిండి 10. మూడుసార్లు చేసినా అంతే, అటూ ఇటూ అర సెంటీమీటరు.

పిల్లల మొహాలు చిన్నబోయాయి. నాకూ టెన్షన్ పట్టుకుంది. మామ్మ చెప్పింది అబద్ధమా, మేం మొలకల్ని ఎక్కువ ఎండబెట్టేశామా, ఏం అర్థం కాలేదు. పుస్తకంలో "విఫలం" అని రాసి మూసేశాను.

జనవరి 28

మామ్మకి చూపిస్తే గిన్నె వైపు కాదు, మా చేతుల వైపు చూసింది. "మరుగుతున్న నీల్లల్లో ఒక్కపాలే పోసీసినారేటి? అలగ కాదు. సన్నీల్లల్లో కలిపి, సిన్న మంట మీద ఎట్టి, ఏలు ఎట్టలేనంత ఏడి వచ్చినాక కాసేపు అలగే ఉంచాల. అప్పుడు మరగనియ్యాల."

అలాగే చేశాం. పిండి చన్నీళ్లలో కలిపి, చిన్న మంట మీద, మరగడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టేలా. విజయనగరంలో కొన్న ల్యాబ్ థర్మామీటర్ గిన్నెలోనే ఉంది (జ్వరం చూసేది 42 దాటి చూపించదు, దీనికి పనికిరాదు). 65 దాటాక రెండు గిన్నెలూ చిక్కబడటం మొదలయ్యాయి. మామూలు పిండి చిక్కబడుతూ పోయింది. మొలక పిండి కాస్త చిక్కబడి, మా కళ్లముందే మళ్లీ వదులైపోయింది, గరిటెతో ఎత్తి పోస్తే ధారగా పడింది. పాకిన దూరం: మామూలుది 9, మొలకది 17.

ఆ రాత్రి నిద్రపట్టక మళ్లీ పుస్తకం తీశాను. 27వ తారీఖు పరీక్ష విఫలం కానే కాదు, అది మాకు తెలియకుండా మేం చేసిన కంట్రోల్, అంటే పోల్చి చూసుకోవడానికి పెట్టే పరీక్ష. అదే పిండి, అదే బరువు, అన్నే నీళ్లు. గింజ ముందే పిండిపదార్థం తినేయడం వల్ల అంబలి పలచబడితే, మరుగుతున్న నీళ్లలో పోసినా పలచగానే ఉండాలి, ఎందుకంటే లేని పిండిపదార్థం ఎలా కాసినా రాదు. కానీ అక్కడ తేడా ఒక్క సెంటీమీటరు, మెల్లగా కాస్తే 8. అంటే ముందే తినేసినదాని వాటా కొంచెం ఉంటే ఉండొచ్చు గానీ, ఎక్కువ పని జరుగుతున్నది గిన్నెలోనే, అదీ నీళ్లు మరిగే లోపలే. "విఫలం" అన్న మాట కొట్టేశాను, కానీ కనిపించేలాగే కొట్టేశాను. పుస్తకంలో ఏదీ చెరపకూడదని పిల్లలకి నేనే చెప్పాను మరి.

జనవరి 31

ఇప్పుడు ఎంజైమ్‌ని పిండి నుంచి విడదీసి చూడాలి. 5 గ్రాముల మొలక పిండిని 50 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో ఇరవై నిమిషాలు కలిపి, రెండు మడతల గుడ్డలో వడకట్టి, అడుగున మడ్డి దిగాక పైన తేరిన నీళ్లు తీసుకున్నాం. దాన్ని "మొలక నీళ్లు" అని పిలుస్తున్నాం. చోడి పిండి ఎర్రగా ఉంటుంది కాబట్టి అయోడిన్ రంగు అందులో సరిగ్గా తెలియదు, అందుకని పరీక్షకి తెల్లటి అన్నం గంజి వాడాం, ఒక వంతు గంజికి మూడు వంతుల నీళ్లు. అయోడిన్ మందుల షాపులో దొరికే టింక్చరే, పది రెట్లు నీళ్లు కలిపాం.

అయోడిన్ సంగతి ఒకటి చెప్పాలి. పిండిపదార్థంలో అమైలోజ్ అనే గొలుసు స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, ఆ చుట్ల మధ్యలో అయోడిన్ ఇరుక్కుంటే నల్లటి నీలం రంగు వస్తుంది. గొలుసు చిన్న ముక్కలైపోతే నీలం బదులు ఎర్రటి గోధుమరంగు, ఇంకా చిన్నవైతే అయోడిన్ తన పసుపు రంగులోనే ఉండిపోతుంది. అంటే రంగు మారడాన్ని చూస్తే గొలుసు తెగుతున్నట్టు చూసినట్టే.

ఇవాళ మొదటి గొట్టంలో వేడి వేడి గంజి తీసి అయోడిన్ వేస్తే నీలం రాలేదు. మొలక నీళ్లు ఇంకా కలపనే లేదు! గంజిలో పిండిపదార్థం లేదా? అందరం తెల్లబోయి చూస్తుండగా గొట్టం చల్లారింది, నీలం దానంతటదే తేలింది. మళ్లీ వేడినీళ్లలో పెడితే పోయింది, తీస్తే వచ్చింది. వేడికి ఆ చుట్లు వదులై అయోడిన్ జారిపోతుంది, చల్లారితే మళ్లీ చేరుతుంది. ఇది ముందే తెలియకపోయి ఉంటే రేపు 70 డిగ్రీల గొట్టంలో రంగు పోగానే "ఎంజైమ్ అద్భుతంగా పనిచేసింది" అని రాసేసేవాళ్లం. ఇకమీదట ప్రతి చుక్కా చల్లటి పింగాణీ పళ్లెం మీద వేసి, చల్లారాకే అయోడిన్ చుక్క కలపాలి.

ఫిబ్రవరి 2

నాలుగు గొట్టాలు. ప్రతిదానిలో 5 మిల్లీలీటర్ల గంజి, దానికి ఒక మిల్లీలీటరు ఏదో ఒకటి. ఒకదానిలో వట్టి నీళ్లు. రెండోదానిలో మొలక నీళ్లు. మూడోదానిలో పది నిమిషాలు మరిగించి చల్లార్చిన మొలక నీళ్లు. నాలుగోదానిలో గంజి లేదు, నీళ్లు, మొలక నీళ్లు మాత్రమే, మొలక నీళ్లకే ఏదైనా రంగు ఉందేమో తెలియడానికి. మొలకెత్తని పిండి నుంచి తీసిన నీళ్లు కూడా పెట్టాలని తర్వాత తోచింది, అయిదో గొట్టం చేర్చాం.

ఈ మూడో గొట్టం గురించి పిల్లలు చాలాసేపు వాదించారు. మరిగించింది పెట్టడం దేనికి, వట్టి నీళ్ల గొట్టం ఉంది కదా అని. నేను అడిగాను: మొలక నీళ్లలో ఎంజైమ్ ఒక్కటే ఉందా? చక్కెరలున్నాయి, ఉప్పులున్నాయి, కొంచెం పులుపు ఉండొచ్చు. నీలం పోయింది వాటిలో దేనివల్లో అయితే? మరిగించినా చక్కెరలు, ఉప్పులు అలాగే ఉంటాయి, ఎంజైమ్ మాత్రం ప్రొటీన్ కాబట్టి దాని మడతలు విడిపోయి పనికిరాకుండా పోతుంది. అంటే ఆ రెండు గొట్టాల మధ్య పెద్ద తేడా అదొక్కటే. నా దృష్టిలో ఈ మొత్తం ప్రాజెక్టు ఆ ఒక్క గొట్టం మీద నిలబడింది. అది లేకపోతే మా దగ్గర ఉన్నది నమ్మకమే తప్ప ఆధారం కాదు.

ఎంజైమ్‌లు ప్రొటీన్లే అన్న మాట కూడా ఇంత తేలిగ్గా స్థిరపడలేదు. 1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో అనే ఇద్దరు బార్లీ మొలకల నుంచి ఇలాగే పిండిపదార్థాన్ని కరిగించే పదార్థాన్ని తీసి డయాస్టేస్ అన్నారు. మా మొలక నీళ్లు దానికి చుట్టాలే. అది జరిగిన తొంభై ఏళ్లకి పైగా గడిచాక, 1926లో జేమ్స్ సమ్నర్ యూరియేజ్ అనే ఎంజైమ్‌ని స్ఫటికాలుగా తీసి, అది ప్రొటీనే అని చూపించాడు. చాలామంది వెంటనే ఒప్పుకోలేదు, ఆయనకి నోబెల్ 1946లో వచ్చింది.

మా ఫలితం: నిమిషానికోసారి చుక్క తీశాం. మొలక నీళ్ల గొట్టం నీలం నుంచి ఊదాకి, ఊదా నుంచి గోధుమకి, తర్వాత పసుపుకి వచ్చేసింది. మరిగించినది అరగంటైనా నీలమే. వట్టి నీళ్లదీ నీలమే. మొలకెత్తని పిండి నీళ్ల గొట్టం అరగంటకి నీలం కాస్త ఊదాగా మారిందేమో అనిపించింది, ఖాయంగా చెప్పలేను.

కానీ ఒక గొడవ. చుక్కలు చూసి రాస్తున్న అబ్బాయి ఆరో నిమిషంలోనే "అయిపోయింది" అన్నాడు, నాకు ఇంకా ఊదాగానే కనిపిస్తోంది. వాడు కావాలని చేయలేదు. అది మొలక నీళ్ల గొట్టం అని వాడికి తెలుసు, అయిపోవాలని కోరిక. అందుకని రేపటి నుంచి గొట్టాలకి అ, ఇ, ఉ, ఎ, ఒ అని రాసి, ఏది ఏమిటో పదో తరగతి అమ్మాయి ఒక్కదానికే తెలిసేలా, చూసేవాళ్లకి తెలియకుండా చేస్తాం. పక్కనే నీళ్లలో అయోడిన్ చుక్క ఒకటి వేసి ఉంచుతాం, సరిగ్గా ఆ రంగు వచ్చినప్పుడే అయిపోయినట్టు.

ఫిబ్రవరి 4

పేర్లు దాచి మళ్లీ చేశాం, మూడేసి గొట్టాలు. 30 డిగ్రీల దగ్గర మొలక నీళ్లకి 22, 24, 25 నిమిషాలు. మొన్నటి ఆరు నిమిషాలకి దీనికి పోలికే లేదు. మొన్న గంజి గోరువెచ్చగా ఉంది, పైగా కళ్లు ముందే తీర్పు చెప్పేశాయి. పాత అంకెలు పక్కన పెట్టేశాం.

ఫిబ్రవరి 8, 9

వేడి మార్చి చూసిన రోజులు, అన్నిటికంటే కష్టమైనవి. పెద్ద గిన్నెలో నీళ్లు, వాటిలో గొట్టాలు, చల్లారుతుంటే వేన్నీళ్లు కలుపుతూ ఒకరు, థర్మామీటర్ చూస్తూ ఒకరు. రెండు డిగ్రీలు అటూ ఇటూ ఊగింది, అదీ రాసుకున్నాం. మొదటి రోజు అంకెలు పారేయాల్సి వచ్చింది: చల్లటి గొట్టాన్ని వేడి గిన్నెలో పెట్టగానే లెక్క మొదలెట్టేశాం, కానీ లోపలి గంజి ఆ వేడికి చేరడానికే నాలుగు నిమిషాలు పట్టింది. రెండో రోజు గంజినీ మొలక నీళ్లనీ విడివిడిగా వేడి చేసి, రెండూ ఒకే వేడికొచ్చాక కలిపాం.

40 దగ్గర 13 నిమిషాలు. 50 దగ్గర 8. 60 దగ్గర మూడు గొట్టాలకి 8, 9, 13, చాలా తేడా వచ్చింది. 70 దగ్గర మొదటి రెండు నిమిషాలు రంగు గబగబా ఊదాకి మారి అక్కడే ఆగిపోయింది, అరగంటైనా కదల్లేదు. 90 దగ్గర నీలం నీలంగానే ఉండిపోయింది. ఐసు నీళ్లలో పెట్టినదీ అరగంటకి నీలమే.

70 డిగ్రీల గొట్టమే నాకు ఎక్కువ నచ్చింది. అది మొదట వేగంగా పనిచేసింది, పనిచేస్తూనే చచ్చిపోయింది. వేడి పెరిగితే అణువులు ఎక్కువగా ఢీకొని పని వేగం పెరుగుతుంది, అదే వేడి ఎంజైమ్ మడతల్నీ విప్పుతుంది, ఈ రెండూ ఒకేసారి జరుగుతుంటాయి. పుస్తకాల్లో "అనుకూల ఉష్ణోగ్రత" అని ఒక్క అంకె ఇస్తారు గానీ, రెండు నిమిషాలే చూస్తే 70 గెలుస్తుంది, అరగంట చూస్తే 50. ఎంతసేపు చూశామన్నది చెప్పకుండా ఆ అంకెకి అర్థం లేదని ఇప్పుడు అయిదుగురికీ తెలుసు.

చివర్లో ఇంటర్ అమ్మాయి ఒక మంచి పని చేసింది. ఐసులో ఉన్న గొట్టాన్నీ 90లో ఉన్న గొట్టాన్నీ రెండిటినీ 45 డిగ్రీల గిన్నెలోకి మార్చింది. ఐసుది పదకొండు నిమిషాల్లో పసుపైపోయింది. 90ది అలాగే నీలం. చలికి ఎంజైమ్ నిద్రపోతుంది, మరిగితే మళ్లీ లేవదు. ఇద్దరూ పనిచేయకుండా కూర్చున్నట్టే కనిపించారు, కానీ ఇద్దరి పరిస్థితీ వేరు.

ఇప్పుడు మామ్మ అంబలి పూర్తిగా అర్థమైంది. పిండిపదార్థం గింజలో గట్టి రేణువులుగా ఉంటుంది, మా గిన్నెలో అవి 65 దాటాకే ఉబ్బి విచ్చుకున్నాయి. అవి విచ్చుకుంటే తప్ప ఎంజైమ్‌కి గొలుసులు బాగా అందవు. కానీ 70 దాటితే ఎంజైమ్ మిగలదు. అంటే ఆ ఇద్దరూ కలుసుకునేది చాలా ఇరుకైన సందులో. మరుగుతున్న నీళ్లలో పోస్తే ఆ సందు క్షణంలో దాటిపోతుంది, చిన్న మంట మీద అయితే నిమిషాల తరబడి అక్కడే ఉంటాం. "ఏలు ఎట్టలేనంత ఏడి" అన్నది ఆ సందే. థర్మామీటర్ లేకుండా ఆవిడ వేలితో అది పట్టుకుంది.

ఫిబ్రవరి 11

పిల్లల పుస్తకాలు దిద్దుతుంటే ముగ్గురు ఒకే తప్పు రాశారు: "ఎంజైమ్ చర్యకు శక్తిని ఇస్తుంది." ఇవ్వదు. దీని కోసం చాలాసేపు మాట్లాడాను. మన కొత్తవలస దగ్గర మొదలయ్యే అరకు లైను చూడండి, రైలు ప్రతి కొండ శిఖరం ఎక్కి దిగాలంటే ఏ ఇంజనూ లాగలేదు. సొరంగాలున్నాయి కాబట్టి తక్కువ ఎత్తులోనే అటువైపుకి వెళ్తుంది. సొరంగం రైలుకి బొగ్గు గానీ కరెంటు గానీ ఇవ్వదు, బయల్దేరిన ఊరి ఎత్తూ చేరే ఊరి ఎత్తూ మార్చదు, మధ్యలో ఎక్కాల్సిన ఎత్తు తగ్గిస్తుంది, అంతే. ఎంజైమ్ తగ్గించేది కూడా ఆ మధ్యలో ఎత్తునే, దాన్నే ఉత్తేజక శక్తి అంటాం. సొరంగంలోంచి ఒక రైలు వెళ్లాక అది అరిగిపోనట్టే ఒక ఎంజైమ్ అణువు మళ్లీ మళ్లీ పనిచేస్తుంది.

మరి కణానికి శక్తి ఎలా అందుతుంది అంటే కణంలో శక్తిని మోసే అణువు ఏటీపీ దగ్గరికి వస్తాం, అక్కడ మన మనిషి ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం కొలిచే పద్ధతి 1925లో ప్రచురించారు, ఆ కొలత చేతిలో ఉండటం వల్లే 1927లో కండరాల్లో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1929లో ఏటీపీని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ కూడా దాన్ని విడిగా కనిపెట్టాడు. కొలిచే పద్ధతి ముందు, కనిపెట్టడం తర్వాత. మా గ్రాఫ్ కాగితం మీద పైపు ముక్కని చూపిస్తూ ఇది చెప్పాను.

ఫిబ్రవరి 14

బరువు తగ్గిన సంగతి వదల్లేదు. రెండు థర్మాస్ ఫ్లాస్కులు తెచ్చాం, ఒకటి పక్కింటివాళ్లది. ఒకదానిలో బతికున్న చోడి మొలకలు, ఇంకోదానిలో అంతే బరువు ఉడికించి చల్లార్చినవి, మూతికి దూది, దూదిలోంచి థర్మామీటర్. మొదలుపెట్టినప్పుడు రెండూ 24. మర్నాటికి బతికినవి 33, ఉడికినవి 25. పిల్లలు ఫ్లాస్కు మూతి దగ్గర చెయ్యి పెట్టి ఆ వెచ్చదనం చూశారు. ఒక గ్లూకోజ్ అణువు పూర్తిగా ఖర్చయితే 30, 32 ఏటీపీల దాకా వస్తాయి, మిగతా శక్తి వేడిగా పోతుంది, ఆ పోయిన వేడే ఇది.

మూడో రోజు ఉడికిన ఫ్లాస్కు కూడా 29కి ఎక్కింది. చచ్చిన గింజలు శ్వాసిస్తున్నాయా? మూత తీస్తే కంపు. సూక్ష్మజీవులు చేరి ఆ గింజల్ని తింటున్నాయి, ఆ వేడి వాటిది. అలాగైతే మొదటి ఫ్లాస్కులో వేడి మొత్తం మొలకలదే అని ఎలా చెప్తాం? చెప్పలేం. మళ్లీ చేసినప్పుడు రెండు ఫ్లాస్కుల గింజల్నీ పలచటి బ్లీచింగ్ నీళ్లలో ముంచి బాగా కడిగి పెట్టాం, ఫ్లాస్కుల్ని కూడా కడిగాం. ఈసారి బతికినవి 31, ఉడికినవి మూడో రోజుకీ 25 దాటలేదు. తేడా కొంచెం తగ్గింది, కానీ ఈ తేడాని నేను నమ్మగలను.

ఫిబ్రవరి 16

కాగితం మైక్రోస్కోపుతో, అదే ఫోల్డ్‌స్కోప్‌తో, పిండి రేణువులు చూశాం. అయోడిన్ వేస్తే నీలం చుక్కల్లా కనిపించాయి. మొలక పిండి రేణువుల మీద కొరికిన గుంటలు కనిపిస్తాయేమో అని ఆశపడ్డాం, చోడి రేణువులు మరీ చిన్నవి, మాకు కనపడలేదు. బంగాళదుంపవి పెద్దవి కాబట్టి బాగా కనిపించాయి.

ఫిబ్రవరి 19

వేయించిన పిండి పరీక్ష. మొలక పిండిలో ఒక భాగం ఎండలోనే ఎండినది, ఒకటి మూకుట్లో చేతికి వేడి తగిలేదాకా వేయించింది, ఒకటి కమ్మటి వాసన వచ్చి రంగు మారేదాకా వేయించింది. మెల్లగా కాస్తే పాకిన దూరాలు 17, 16, 10. కాస్త వేయిస్తే ఏమీ కాలేదన్నమాట. నీళ్లలో 70కే చచ్చిపోయే ఎంజైమ్ పొడిగా ఉన్నప్పుడు అంతకంటే ఎక్కువ వేడి తట్టుకుంటుంది, మడతలు విప్పుకోవడానికి దానికి నీళ్లు కావాలి. వాసన వచ్చేదాకా వేయిస్తే మాత్రం పోయింది. పక్కింట్లో మొలక పిండి అంబలి ఎందుకు చిక్కగా వస్తుందో వాళ్లకి ఇప్పుడు చెప్పగలను.

మామ్మ ఇంకో పద్ధతి చూపించింది. మామూలు పిండితో చిక్కటి జావ కాచి, దించి, కాస్త చల్లారాక (చూస్తే 60 ఉంది) చెంచాడు మొలక పిండి వేసి కలిపింది. అయిదు నిమిషాల్లో జావ పలచబడిపోయింది. నీళ్లు ఒక్క చుక్క పోయలేదు. చిన్న పిల్లలు చిక్కటి జావ మింగలేరు, నీళ్లు పోసి పలచన చేస్తే కడుపు నిండుతుంది గానీ పిండి తక్కువైపోతుంది. ఇలా చేస్తే పలచగానూ ఉంటుంది, పిండీ తగ్గదు. మా నాన్నకి చిన్నప్పుడు ఇదే పెట్టానంది. ఒక జాగ్రత్త: మొలకలు తడిగా రెండు రోజులు ఉన్నవి కాబట్టి వాటిలో సూక్ష్మజీవులు ఉండొచ్చు, పలచబడ్డాక మళ్లీ ఒకసారి బాగా మరిగించాలి. పని అయిపోయింది కాబట్టి అప్పుడు ఎంజైమ్ పోయినా పర్వాలేదు.

ఫిబ్రవరి 22

ఇంకా తేలనిది ఒకటుంది. మా ఫలితాలన్నీ ఒకే బస్తా గింజలవి. మూడేసి గొట్టాలు పెట్టినా అవన్నీ ఒకే మొలక నీళ్ల నుంచి తీసినవే, అంటే నిజానికి ఒకే మొలకల మూటని మూడుసార్లు కొలిచాం. మూడు వేరు వేరు మూటలు విడివిడిగా మొలకెత్తించి చేస్తే తప్ప "చోడి మొలకలు ఇలా చేస్తాయి" అని రాయలేం, "మా మూట ఇలా చేసింది" అని మాత్రమే రాయగలం. ఇది చెప్తే పిల్లలు అలిసిపోయి వద్దంటారేమో అనుకున్నాను. పదో తరగతి అమ్మాయి అప్పటికే వాళ్ల పెద్దనాన్నని అడిగి చంపావతి రకం విత్తనం మిగిలిందేమో కనుక్కుని వచ్చింది, ఉందట.

ఈ రాత్రికి మూడు గిన్నెల్లో నానబెట్టాం, రెండు పాత బస్తావి, ఒకటి చంపావతి. ఇంకో రెండు చంపావతి మూటలు వచ్చే ఆదివారం పెడతాం. గిన్నెల మీద అక్షరాలు రాసింది ఈసారి మామ్మ. ఏ అక్షరం దేనిదో కాగితం మీద రాయించి మడిచి కొంగు చివర ముడేసుకుంది, లెక్కలన్నీ అయ్యేదాకా ఇవ్వనంది.